కొత్త ఐప్యాడ్ ప్రో వచ్చేసింది.. ఇక ల్యాప్‌టాప్ అక్కర్లేదా? ఓయూ, తార్నాక విద్యార్థులు కొనేముందు ఇవి చూసుకోండి

ముఖ్యాంశాలు:
• ఎం5 చిప్‌తో ఐప్యాడ్ ప్రో.. 2025లో విడుదలైనప్పుడు మన దగ్గర ప్రారంభ ధర రూ.99,900
• కీబోర్డ్ కలిపితే 2025 ధరల్లో మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం4 కంటే దాదాపు రూ.30 వేలు ఎక్కువ
• చదవడానికి, నోట్స్ రాయడానికి భేష్.. కోడింగ్, ట్యాలీ, ల్యాబ్ పనులకు మాత్రం కష్టం
• పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు దాన్ని అమ్మేసే ముందు ఒకసారి ఆగండి

రెండు రోజుల్లో రెండు వార్తలు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. ఆ మర్నాడే, అక్టోబర్ 15న, యాపిల్ ఎం5 చిప్‌తో కొత్త ఐప్యాడ్ ప్రోని ప్రకటించింది. ఒకపక్క పాత ల్యాప్‌టాప్‌కి గడువు ముగిసింది, ఇంకోపక్క కొత్త ట్యాబ్ ఊరిస్తోంది. దీంతో "ఇక ల్యాప్‌టాప్ ఎందుకు, ట్యాబ్ కొనేస్తే పోలా?" అనే ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

ఈ ప్రశ్న ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లలో, తార్నాక చుట్టుపక్కల రూముల్లో ఉండేవాళ్లకి చాలా పెద్దది. రెండూ కొనే స్తోమత అందరికీ ఉండదు. ఇంట్లోవాళ్లు ఒక్కసారే డబ్బులు సర్దుతారు. ఆ డబ్బుతో కొన్న వస్తువే డిగ్రీనో పీజీనో పూర్తయ్యేదాకా పనిచేయాలి. తప్పు వస్తువు కొంటే ప్రాజెక్ట్ టైమ్‌లో ఫ్రెండ్ ల్యాప్‌టాప్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. అందుకే కొనేముందు లెక్క సరిగ్గా చూసుకోవాలి.

అసలు కొత్త ఐప్యాడ్ ప్రోలో ఏముంది?

కొత్త ఐప్యాడ్ ప్రో 11 అంగుళాలు, 13 అంగుళాల సైజుల్లో వచ్చింది. విడుదలైనప్పుడు 11 అంగుళాల వైఫై మోడల్ ధర రూ.99,900, 13 అంగుళాలది రూ.1,29,900. రెండింట్లోనూ స్టోరేజ్ 256 జీబీ నుంచి మొదలవుతుంది. అమ్మకాలు 2025 అక్టోబర్ 22న మొదలయ్యాయి. చిన్న మోడల్ బరువు అర కిలో కూడా లేదు, 444 గ్రాములే. ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే అరగంటలో సగం దాకా బ్యాటరీ నిండుతుందని కంపెనీ చెబుతోంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. అదే రోజు, అదే ఎం5 చిప్‌తో 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోని కూడా యాపిల్ ప్రకటించింది. అంటే ట్యాబ్‌లో ఉన్నదీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ ఒకే కుటుంబం చిప్. వేగం విషయంలో ట్యాబ్ పెద్దగా తక్కువ కాదు. మరి తేడా ఎక్కడ? సాఫ్ట్‌వేర్‌లో. మ్యాక్‌బుక్‌లో నడిచే ప్రోగ్రాములు ఐప్యాడ్‌లో నడవవు. ఐప్యాడ్‌లో యాప్ స్టోర్‌లో దొరికే యాప్‌లు, బ్రౌజర్‌లో పనిచేసే వెబ్‌సైట్లు మాత్రమే వాడుకోగలం.

ఐప్యాడ్‌ఓఎస్ 26తో ఏం మారింది?

2025 సెప్టెంబర్ 15న విడుదలైన ఐప్యాడ్‌ఓఎస్ 26 మాత్రం నిజంగానే పెద్ద మార్పు. ఇప్పుడు ఐప్యాడ్‌లో కూడా కంప్యూటర్‌లో లాగా కిటికీలు తెరిచి, వాటి సైజు మార్చుకుని, పక్కపక్కన పెట్టుకోవచ్చు. పైన మెనూ బార్ వచ్చింది. ఫైల్స్ యాప్ మెరుగైంది. పీడీఎఫ్‌లు చూసి గుర్తులు పెట్టుకోవడానికి ప్రివ్యూ యాప్ కూడా ఇచ్చారు. ఒక విండోలో పీడీఎఫ్, ఇంకో విండోలో నోట్స్, మూడో విండోలో క్లాస్ వీడియో పెట్టుకుని చదువుకోవడం ఇప్పుడు సులువు.

ఇంకో మంచి మాట ఏంటంటే, ఈ విండోల సౌకర్యం లక్ష రూపాయల ప్రోకే పరిమితం కాదు. 2025లో రూ.34,900 నుంచి దొరికిన ఏ16 చిప్ ఐప్యాడ్‌లోనూ ఉంది. కాబట్టి కేవలం దీనికోసం ప్రో కొనాల్సిన పనిలేదు. మానిటర్ తగిలించి దాన్ని రెండో తెరగా వాడాలంటే మాత్రం ఎం సిరీస్ చిప్ ఉన్న ఐప్యాడ్ కావాలి. ఏ16 మోడల్‌కి మానిటర్ పెడితే ట్యాబ్‌లో కనిపించేదే అక్కడా కనిపిస్తుంది.

అసలు ఖర్చు ఎంత? ఈ లెక్క చూడండి

ట్యాబ్ ధర చూసి "ల్యాప్‌టాప్ కంటే చవకే కదా" అనుకుంటే పొరపాటే. ల్యాప్‌టాప్‌తో కీబోర్డ్, ట్రాక్‌ప్యాడ్ వస్తాయి. ట్యాబ్‌కి అవి విడిగా కొనాలి. యాపిల్ సొంత కీబోర్డ్‌లు పెడితే 2025 అక్టోబర్ నాటి ధరల్లో లెక్క ఇలా ఉండేది:

• 11 అంగుళాల ఐప్యాడ్ ప్రో రూ.99,900 + మ్యాజిక్ కీబోర్డ్ రూ.29,900 = రూ.1,29,800
• దానికి పెన్సిల్ ప్రో (రూ.11,900) కూడా తీసుకుంటే = రూ.1,41,700
• 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో రూ.1,29,900 + మ్యాజిక్ కీబోర్డ్ రూ.33,900 = రూ.1,63,800
• ఏ16 ఐప్యాడ్ రూ.34,900 + మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో రూ.24,900 = రూ.59,800
• మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం4, 13 అంగుళాలు = రూ.99,900 (కీబోర్డ్‌తో కలిపే)

అంటే ఆ ధరల్లో ఐప్యాడ్ ప్రోని ల్యాప్‌టాప్‌లా మార్చే ఖర్చుకి అసలు ల్యాప్‌టాపే వచ్చేది, పైగా రూ.30 వేలు మిగిలేవి. బరువు సంగతీ అంతే. కీబోర్డ్ తగిలించగానే 444 గ్రాముల ట్యాబ్ దాదాపు కిలో అవుతుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలు. తేడా పెద్దగా లేదు.

ఖర్చు తగ్గించుకునే దారి ఉంది. కంపెనీ కీబోర్డే కొనాలని రూల్ లేదు. మామూలు బ్లూటూత్ కీబోర్డ్, మౌస్ ఏ ట్యాబ్‌కైనా పనిచేస్తాయి. టేబుల్ మీద పెట్టుకుని టైప్ చేసేవాళ్లకి అవి చాలు. సిమ్ వేసుకునే మోడల్ కూడా అందరికీ అవసరం లేదు. 2025 ధరల్లో ప్రోలో దానికి రూ.20 వేలు అదనం. ఫోన్ హాట్‌స్పాట్‌తో పని జరిగిపోతుంది. యాపిల్ విద్యార్థులకు విడిగా తక్కువ ధరలు ఇస్తుంది కాబట్టి కాలేజీ ఐడీ కార్డుతో ఆ ధర అడగడం మర్చిపోకండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది కదా, తగ్గిందేమో అనుకోవద్దు. ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల మీద అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే.

హైదరాబాద్‌కి ఈ ముచ్చట కొత్తేం కాదు

"విద్యార్థి చేతిలో కంప్యూటర్‌కి బదులు ట్యాబ్" అనే మాట మన ఊళ్లో చాలా ఏళ్ల కిందే వినిపించింది. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్లెట్‌ని ఆవిష్కరించారు. డేటావిండ్ కంపెనీ తెచ్చిన ఆ ట్యాబ్ తయారైంది హైదరాబాద్‌లోనే. ధర దాదాపు 50 డాలర్లు. విద్యార్థులకు సబ్సిడీ మీద ఇంకా తక్కువకే ఇవ్వాలన్నది ఆలోచన. ప్రపంచంలోనే అత్యంత చవకైన ట్యాబ్ అని అప్పట్లో మారుమోగింది.

అయితే అందులో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే కానీ పనిచేయని 7 అంగుళాల రెసిస్టివ్ తెర. వేగం లేదు, బ్యాటరీ నిలబడదు అని విమర్శలొచ్చాయి. 2012 నవంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్ 2ని విడుదల చేశారు. దాంట్లో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, మెరుగైన టచ్ తెర ఇచ్చారు. అయినా అది కంప్యూటర్ స్థానాన్ని తీసుకోలేకపోయింది.

పెద్ద కంపెనీలకూ ఇలాంటి దెబ్బ తగిలింది. 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ చూడ్డానికి విండోస్ లాగే ఉండేది, కానీ పాత విండోస్ ప్రోగ్రాములు అందులో నడిచేవి కావు. 2013 జులైలో ఆ కంపెనీ దానిమీద 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపించాల్సి వచ్చింది.

మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. అవి పాఠాల వీడియోలు చూడటానికి ఇచ్చినవి. చూడటానికి, చదవడానికి ట్యాబ్ సరిగ్గా సరిపోతుంది. మనం తయారుచేసి ఇవ్వాల్సిన పని దగ్గరే చిక్కంతా.

మీ కోర్సుకి ఏది సెట్ అవుతుంది?

దీనికి ఒక సింపుల్ పద్ధతి ఉంది. సెమిస్టర్ చివర్లో మీరు ఏ ఫైల్ ఇవ్వాలో చూసుకోండి. పీడీఎఫ్, వర్డ్, పీపీటీ వరకే అయితే ట్యాబ్ సరిపోవచ్చు. అంతకుమించి ఏదైనా ఉంటే ల్యాప్‌టాప్ కావాలి.

ఎకనమిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, లా: చదివేది ఎక్కువ, రాసేది వ్యాసాలు, సెమినార్ పేపర్లు. ట్యాబ్ హాయిగా సరిపోతుంది. పీడీఎఫ్ మీదే గీతలు గీసుకోవచ్చు, పక్కన నోట్స్ రాసుకోవచ్చు.

గ్రూప్స్, ఇతర పోటీ పరీక్షలు: ఓయూ లైబ్రరీలో, రీడింగ్ హాళ్లలో గంటలకొద్దీ కూర్చునేవాళ్లకి ట్యాబ్ మంచి తోడు. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు, వీడియో క్లాసులు అన్నీ ఒకేచోట ఉంటాయి. దీనికి లక్ష రూపాయల మోడల్ అస్సలు అక్కర్లేదు. కంప్యూటర్ మీద జరిగే పరీక్ష రాసేవాళ్లు మాత్రం మౌస్‌తో మాక్ టెస్టులు ప్రాక్టీస్ చేయాలి.

మ్యాథ్స్, ఫిజిక్స్: ఇక్కడ ట్యాబ్‌దే పైచేయి. సమీకరణాలు, గ్రాఫులు కీబోర్డ్‌తో టైప్ చేయడం నరకం. పెన్‌తో తెర మీద రాసుకోవడం నోట్‌బుక్‌లో రాసినంత సులువు.

ఇఫ్లూలో భాషలు చదివేవాళ్లు: వినడం, చదవడం, ఉచ్చారణ రికార్డు చేసుకోవడం.. వీటన్నింటికీ ట్యాబ్ చాలు.

కామర్స్: జాగ్రత్త. ట్యాలీ విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేర్. ఎక్సెల్ ఐప్యాడ్‌లో ఉన్నా అందులో మాక్రోలు నడవవు. ఉద్యోగానికి కావాల్సినవి ఈ రెండే అయినప్పుడు ట్యాబ్‌తో సరిపెట్టుకోవడం మంచిది కాదు.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, ఎంసీఏ: ల్యాప్‌టాప్ తప్పదు. బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరిచి పైథాన్ రాసుకోవచ్చు, ఆన్‌లైన్ కంపైలర్లూ ఉన్నాయి. కానీ ఆండ్రాయిడ్ స్టూడియో, పూర్తి స్థాయి మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్ ఐప్యాడ్‌లో రావు. మ్యాట్‌ల్యాబ్, ఆటోక్యాడ్‌లకు మొబైల్ యాప్‌లున్నా అవి కంప్యూటర్ వెర్షన్‌తో సమానం కావు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టులకు చాలా కంపెనీలు కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్ అడుగుతాయి. ఆరోజు ట్యాబ్ పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

జియాలజీ, జాగ్రఫీ, సైన్స్ రీసెర్చ్: ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్‌లోనే నడుస్తుంది. క్యూజీఐఎస్, ఎస్‌పీఎస్‌ఎస్ కూడా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లే. తార్నాక ఐఐసీటీ, హబ్సిగూడ ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి సంస్థల్లో ప్రాజెక్ట్ చేయాలనుకునేవాళ్లు ల్యాబ్ పరికరాల డేటాతో పనిచేయాల్సి ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా విండోస్ కోసమే తయారవుతాయి.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ప్రత్యేకంగా..

తెలుగు శాఖ, జర్నలిజం విద్యార్థులకు ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్‌లో తెలుగు టైప్ చేయడానికి ట్యాబ్‌లో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది కూడా ఆ నెలలోనే సరిచేశారు.

అసలు సమస్య ప్రింటింగ్ దగ్గర వస్తుంది. డీటీపీ సెంటర్లు, ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అవి విండోస్ కంప్యూటర్లలో నడుస్తాయి. ట్యాబ్‌లో ఆ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్లు ఉన్నా, మార్చాక ఒత్తులు, విరామ చిహ్నాలు మళ్లీ మొత్తం చూసుకోవాలి. మీ థీసిస్ ఏ ఫాంట్‌లో కావాలో గైడ్‌ని, ప్రింట్ చేసేవాళ్లని ముందే అడిగి, ఆ తర్వాతే కొనండి.

పాదసూచికలు, ఉపయుక్త గ్రంథాల పట్టిక కోసం జొటెరో వాడే రీసెర్చ్ స్కాలర్లు కూడా గమనించాలి. పేపర్లు చదవడానికి దాని ట్యాబ్ యాప్ బాగుంటుంది. వర్డ్‌లో రిఫరెన్సులు వాటంతటవే చేర్చే ప్లగిన్ మాత్రం కంప్యూటర్ కోసం చేసింది.

ఎవరూ ముందు చెప్పని ఖర్చు

10.1 అంగుళాలు, అంతకంటే చిన్న తెర ఉన్న ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్‌లో మామూలు ఎడిటింగ్ ఫ్రీ. తెర అంతకంటే పెద్దదైతే ఎడిట్ చేయడానికి మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. ఇప్పుడొస్తున్న 11 అంగుళాల ట్యాబ్‌లన్నీ ఈ హద్దు దాటినవే. చందా వద్దనుకుంటే గూగుల్ డాక్స్ వాడుకోవచ్చు, లేదా బ్రౌజర్‌లో వర్డ్ ఆన్‌లైన్ తెరవొచ్చు.

స్టోరేజ్ విషయంలోనూ తొందరపడొద్దు. ఐప్యాడ్‌లో మెమరీ కార్డ్ పెట్టుకునే వీలు లేదు, తర్వాత పెంచుకోలేం. జిరాక్స్ షాపుకి ఫైల్ ఇవ్వడానికి పాత పెన్ డ్రైవ్ వాడేవాళ్లు చిన్న టైప్-సీ అడాప్టర్ కూడా కొనుక్కోవాలి.

ఐప్యాడ్ ఒక్కటేనా? వేరే ఆప్షన్లు ఏంటి?

• షావోమీ ప్యాడ్ 7: 2025 జనవరిలో రూ.27,999 ప్రారంభ ధరతో వచ్చింది. 11.2 అంగుళాల తెర. చదవడానికి, నోట్స్‌కి ట్యాబ్ కావాలనుకునేవాళ్లకి తక్కువ బడ్జెట్‌లో మంచి ఆప్షన్.
• వన్‌ప్లస్ ప్యాడ్ 3: 2025 సెప్టెంబర్ 5 నుంచి అమ్మకాలు మొదలయ్యాయి, అప్పటి ప్రారంభ ధర రూ.47,999. 13.2 అంగుళాల పెద్ద తెర కాబట్టి ఏ4 సైజు పీడీఎఫ్‌లు జూమ్ చేయకుండానే చదువుకోవచ్చు.
• శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ సిరీస్: పెన్ బాక్స్‌లోనే వస్తుంది. డెక్స్ మోడ్ ఆన్ చేస్తే కంప్యూటర్ డెస్క్‌టాప్ లాగా కనిపిస్తుంది. అయినా లోపల నడిచేవి ఆండ్రాయిడ్ యాప్‌లే అని మర్చిపోవద్దు.
• మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో: ట్యాబ్ రూపంలో ఉన్నా పూర్తి విండోస్ నడుస్తుంది. నిజంగా ల్యాప్‌టాప్ స్థానంలో వాడగలిగేది ఇదే. ధర మాత్రం మామూలు ల్యాప్‌టాప్ కంటే చాలా ఎక్కువ.

పాత ల్యాప్‌టాప్ ఉందా? దాన్ని పారేయొద్దు

విండోస్ 10 సపోర్ట్ ఆగిందంటే ల్యాప్‌టాప్ పనిచేయదని కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రావని అర్థం. వ్యక్తిగత వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే అవకాశం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే డబ్బు కట్టకుండానే ఇందులో చేరొచ్చు. అంటే 2025-26 విద్యాసంవత్సరం మొత్తానికి అది సరిపోయేది.

మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతిది కావాలి.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి ఈ చివరి పాయింట్ చాలా ముఖ్యం. తార్నాకలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ప్యారడైజ్. అక్కడికి దగ్గర్లోనే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. పాత ల్యాప్‌టాప్‌లు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు దొరికే చోటు. అక్కడ ప్రాసెసర్ పేరు అడిగి చూడండి. ఐ5-7200 అని ఉంటే 7వ జనరేషన్, ఐ5-8250 అని ఉంటే 8వ జనరేషన్. "ఐ5 ఉంది బాబూ, తీసుకో" అన్నారని కొనేయకుండా ఆ గీత తర్వాత నంబర్ చూడండి. 7 అని ఉంటే ఎంత తక్కువకిచ్చినా ఆలోచించుకోవాల్సిందే. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్చుకోవచ్చు కాబట్టి, నెమ్మదించిన పాత ల్యాప్‌టాప్‌కి కూడా తక్కువ ఖర్చుతో వేగం వస్తుంది.

మీ ప్రశ్నలకు సమాధానాలు

ప్ర: నా బడ్జెట్ రూ.60 వేలు, ఒక్కటే కొనాలి. ఏది కొనాలి?
జ: మీ కోర్సులో ఒక్క విండోస్ సాఫ్ట్‌వేర్ అవసరమైనా ల్యాప్‌టాపే కొనండి. ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చదవడం కొంచెం అసౌకర్యమే కానీ జరిగిపోతుంది. ట్యాబ్‌లో ట్యాలీ నడపడం జరగదు.

ప్ర: ఇప్పటికే పనిచేసే ల్యాప్‌టాప్ ఉంది. ట్యాబ్ కొనొచ్చా?
జ: కొనొచ్చు. అప్పుడు ప్రో అక్కర్లేదు. రూ.28 వేలు, రూ.35 వేల ట్యాబ్ చదువుకి, పాత ల్యాప్‌టాప్ ప్రాజెక్టులకి. చాలామందికి ఇదే లాభసాటి జోడీ.

ప్ర: ఐప్యాడ్ ప్రో అసలెవరికి?
జ: బొమ్మలు గీయడం, వీడియో ఎడిటింగ్, డిజైన్ మీద సంపాదించేవాళ్లకి, ఆ పనులు ఐప్యాడ్ యాప్‌లలోనే చేసేవాళ్లకి. కేవలం నోట్స్ కోసం అంత పెట్టనవసరం లేదు.

ప్ర: తమ్ముడు, నేను కలిసి ఒకే ట్యాబ్ వాడుకోవచ్చా?
జ: ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు చాలావాటిలో ఇద్దరికీ వేర్వేరు యూజర్లు పెట్టుకోవచ్చు. ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో ఆ వీలు లేదు. ల్యాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేదు.

ప్ర: కొనేముందు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
జ: పోయిన సెమిస్టర్‌లో మీరు సబ్మిట్ చేసిన ఫైళ్లు అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోటి ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో పక్కన రాయండి. వచ్చే సెమిస్టర్ సిలబస్ కూడా చూసి సీనియర్లని అడగండి. ఆ జాబితాలో ప్రతిదానికీ ట్యాబ్‌లో యాప్ ఉంటేనే ల్యాప్‌టాప్ వద్దనుకోండి. ఒక్కదానికి లేకపోయినా, ఆ ఒక్క పని రాత్రి 11 గంటలకు ఎవరి ల్యాప్‌టాప్‌లో చేస్తారో ముందే ఆలోచించుకోండి.